స్వామికి తొవ్వ తెల్వదా?

ఇప్పుడు బదరీ దాకా మోటారు రోడ్డు పడింది. ఉన్నవాళ్లు రిషీకేశ్‌లో బస్సెక్కి, కిటికీలోంచి మంచుకొండలు చూసి, కాళ్లకు మట్టంటకుండా దర్శనం చేసుకొని వస్తున్నారు. మంచిదే. నడవలేనివాళ్లకు దేవుడు దూరం కావాలని ఎవరూ కోరుకోరు. కానీ ఆ రోడ్డు పడక ముందు, మెట్‌పల్లి చుట్టుపక్కల పల్లెల్లో ఎవరికైనా కేదారం, బదరీ చూడాలని బుద్ధి పుడితే మొదట కురుమ ఇస్తారి ఇంటికి మనిషిని పంపేవాళ్లు. ఇస్తారి ఊళ్లో ఉన్నాడా, మందను తోలుకొని అడవికి పోయాడా అని కనుక్కొని, అతడు సరేనన్న తర్వాతే పంచాంగం తెరిచేవాళ్లు.

చూడటానికి ఇస్తారి గొప్ప మనిషేమీ కాదు. పొట్టివాడు, మోకాళ్లు కొంచెం వంకర. భుజం మీద నల్ల గొంగడి లేకుండా అతణ్ణి చూసినవాళ్లు ఊళ్లో లేరు. మాట తక్కువ. ఆ తక్కువ మాటలు కూడా సగం గొర్లతోనే ఖర్చయిపోయేవి. ఎండాకాలం మేత కోసం గోదావరి దాటించి ఆదిలాబాద్ అడవుల్లోకి మందను తోలుకుపోవటం, వానలు పడ్డాక తిరిగి తోలుకురావటం, అదే అతని చదువు. అలాంటివాడు హిమాలయాల్లో యాత్రికులను నడిపించే మనిషి ఎలా అయ్యాడంటే, అది కూడా గొర్ల పుణ్యమే.

పోలీసు చర్య జరిగి, రజాకార్ల గోల సద్దుమణిగిన మరుసటి ఏడు మెట్‌పల్లి సావుకార్లు కొందరు కేదారం బయలుదేరుతూ మూటలు మోయటానికి ఇస్తారిని వెంట తీసుకుపోయారు. దారి చూపించటానికి కుదుర్చుకున్న పెద్దమనిషి రుద్రప్రయాగలో జ్వరం తగిలి వెనక్కి తిరిగాడు. మిగిలినవాళ్లు నది ఒడ్డున కూర్చొని తలలు పట్టుకున్నారు. ఇంత దూరం వచ్చి తిరిగిపోతే ఊళ్లో ఏం ముఖం పెట్టుకోవాలని ఒకరు, ముందుకు పోతే ముఖమే మిగలదేమోనని ఒకరు. అప్పుడు మూటలు దించి ఇస్తారి నోరు విప్పాడు. "గొర్లనే గోదారి దాటిచ్చిన. మిమ్మల దాటియ్యనా?" అన్నాడు. తమను గొర్లతో పోల్చినందుకు సావుకార్లు కాసేపు మూతి ముడుచుకున్నారు. తర్వాత లేచి అతని వెంట నడిచారు. పోయినవాళ్లందరూ తిరిగి వచ్చారు. అంతే, ఆ ఏటి నుంచి ఎండాకాలంలో ఇస్తారి మంద మారింది.

అతని నడిపించే తీరే వేరు. అందరికంటే మెల్లగా నడిచే మనిషిని అందరికంటే ముందు పెట్టేవాడు. వెనకున్న కుర్రకారు ఎంత ఉరకలు వేసినా ఆ మనిషిని దాటనిచ్చేవాడు కాదు. తాను మాత్రం అందరికీ వెనక, కర్ర ఊపుకుంటూ. దారి పొడుగునా చట్టీలుండేవి. చట్టి అంటే చిన్న అంగడి. సరుకులు అక్కడే కొంటే వంటపాత్రలూ పడుకోను జాగా వాళ్లే ఇస్తారు. ప్రతి చట్టి దగ్గరా ఇస్తారి ఒక్కొక్కరి భుజాన్నీ కర్రతో తాకుతూ లెక్క చూసుకునేవాడు. రెడ్డి అయినా రావు అయినా ఆ కర్ర తాకాల్సిందే. బయలుదేరే ముందు చైత్రమంతా శనివారం శనివారం అందరినీ కొండగట్టు ఎక్కించి దించేవాడు. "హనుమంతుని కొండకే ఆయాసపడెటోడు శివుని కొండకెట్ల వస్తడు?" అని సగం దారిలో కూలబడ్డవాళ్లను ఇంటికి పంపించేవాడు. కొండల్లో మోతవాళ్లతో నైజాం కాలం నాటి ఉర్దూలోనే మాట్లాడేవాడు. వాళ్లు పడీపడీ నవ్వేవాళ్లు, పని మాత్రం చేసేవాళ్లు.

అన్నిటికంటే యాత్రికులకు మింగుడుపడని కానూన్ ఒకటుంది. రుద్రప్రయాగ దాటాక ఎవరూ ఒక్కపొద్దు ఉండకూడదు. దేవుడి కోసం వచ్చినవాళ్లను ఉపవాసం ఉండొద్దనటమేమిటని ముసలమ్మలు ముక్కున వేలేసుకునేవాళ్లు. ఇస్తారి వాదించేవాడు కాదు. బెల్లం ముక్క చేతిలో పెట్టి, అది నోట్లో పడేదాకా అక్కడే నిలబడేవాడు.

ఇక అతని తల్లి ఐలవ్వ సంగతి చెప్పాలి. అసలు కథ ఆమెదే.

ఐలవ్వ శివసత్తి. అంటే శివుడి రూపమైన మల్లన్న దేవుడు ఆమె మీదికి వస్తాడు. కురుమల ఇళ్లలో మల్లన్నకు రంగురంగుల పట్నం ముగ్గు వేసి, మల్లన్న కథ చెప్పే ఒగ్గువాళ్లు డోలు కొడుతుంటే, ఆమె జుట్టు విరబోసుకొని పూనకంతో శిగం ఊగేది. ఆ ఊగటానికొక పద్ధతి ఉండేది. ఎప్పుడూ ఎడమ కాలే ముందు లేచేది. ఎంత ఎగిరినా పడేది కాదు. గజ్జెలు కట్టిన కర్ర చేతిలోంచి జారేది కాదు. ఇంట్లో కొడుకును "ఇస్తారిగా" అని పిలిచే మనిషి, శిగంలో అందరితోపాటు అతణ్ణి కూడా "బాలకా" అనేది. మల్లన్న భండారి పసుపు నొసట పెడితే నెమ్మదిగా దిగేది. అప్పుడు చెంబెడు నీళ్లు తాగి, కాళ్లు చాపుకొని కూర్చొని, "ఏమన్నడురా?" అని కొడుకును అడిగేది. దేవుడు తన నోటితో ఏం చెప్పాడో ఆమెకు తెలిసేది కాదు. ఇస్తారి చెప్పేవాడు. చిన్నప్పటినుంచీ ఆ పని అతనిదే. కలిపేవాడు కాదు, తగ్గించేవాడు కాదు, ఉన్నదున్నట్టు చెప్పేవాడు. దేవుడు తిట్టినా చెప్పేవాడు.

కొడుకు ఏడాదికోసారి కేదారం పోయివస్తుంటే ఐలవ్వకు ఒక కోరిక పుట్టింది.

"మల్లన్నకు నేనొక కిరాయి ఇంటిసొంటిదాన్నిరా," అంది ఒకరోజు జొన్నరొట్టె చేస్తూ. "వస్తడు, జరసేపు ఉంటడు, పోతడు. ఆయన సొంతిల్లు కేదారమేనాయె. ఒక్కసారి గా ఇంటి ముంగట నిలబడ్త. నన్ను గుర్తువడ్తడా లేదా సూస్త."

"గుర్తువట్టకుంటే?"

"గుర్తువట్టకుంటే, మనింటికొచ్చినప్పుడు అడుగుత."

ఇస్తారి నవ్వి ఊరుకున్నాడు. ఇంకో ఏడు, ఇంకో ఏడని వాయిదా వేశాడు. అయినా ఆమె మాట మారలేదు. పట్నం వేసిన ప్రతిసారీ, రొట్టె చేసిన ప్రతిసారీ అదే ముచ్చట. చివరికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ మరుసటి ఎండాకాలం, ఆమె కాళ్లల్లో ఇంకా బలం ఉండగానే తీసుకుపోదామని ఒప్పుకున్నాడు.

ఆ ఏటి మందలో పెద్దతల రాధాబాయి దొర్సాని. మెట్‌పల్లి దగ్గరి పల్లెలో దొరల ఇంటి ఆడమనిషి, భర్త పోయాడు. మోకాళ్ల నొప్పుల వల్ల కొండగట్టు ఎక్కకుండానే, నలుగురు మోసే డాండీలో కూర్చొని వచ్చేది. కూర్చున్నా పెత్తనం మాత్రం నడిచేవాళ్లందరి మీదా చేసేది. ఇంకొకడు సారయ్య, బెల్లంపల్లిలో బొగ్గుబాయిలో పనిచేసేవాడు. బాయిలో మీద పడబోయిన బండ పక్కన పడితే బతికిపోయి, ఆ మొక్కు తీర్చుకోవటానికి వచ్చాడు. మంచిర్యాలలో రైలెక్కినప్పటినుంచి ఐలవ్వను "పెద్దవ్వా" అంటూ ఆమె మూట తానే మోశాడు.

దారంతా ఐలవ్వ హుషారు చూడాలి. మందాకిని నది పక్కన నడుస్తుంటే, "గీ నీళ్లు మన గోదాట్ల కలుస్తయా?" అని అడిగింది. కలవవంటే, "పాపం" అంది. చెప్పులు వేసుకోమంటే వేసుకోలేదు. దేవదారు చెట్లను చూసి, ఇన్ని చెట్లున్నా గొర్రెకు అందే ఆకు ఒక్కటీ లేదని తిట్టింది. గౌరీకుండంలో వేడినీళ్ల గుండం చూసి, ఇంత చలిలో ఎవరు కాగబెట్టారని ముచ్చటపడింది. అక్కడే కూర్చొని చెప్పింది, రేపటినుంచి దర్శనం దాకా ఒక్కపొద్దని, నీళ్లు కూడా ముట్టనని.

"అవ్వా, గదొక్కటి అడగకు. మీద ఒక్కపొద్దు పనికిరాదు. అందరికి ఒకటే కానూన్."

"కానూన్ ఊరోళ్లకు. నేను నిన్ను కన్నదాన్ని."

అందరూ నవ్వారు. ఇస్తారికీ నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఒప్పుకున్నట్టయింది. ఇంకెవరైనా అయితే బెల్లం ముక్క పట్టుకొని ఎదురుగా నిలబడేవాడే. తల్లి ముందు నిలబడలేకపోయాడు. తప్పు చేశాడు. ఆ సంగతి తర్వాత అతనికి ఎవరూ చెప్పాల్సిన అవసరం రాలేదు.

మర్నాడు రాంబాడ అనే చట్టి దాకా ఎక్కి ఆగారు. ఆ తర్వాతి రోజు ఎక్కుడు ఇంకా నిటారు. దారి పక్కన మంచు పేరుకొని ఉంది. నాలుగడుగులు వేస్తే గుండె డోలు కొట్టినట్టు కొట్టుకుంటుంది. ఎప్పుడూ వెనక తనతోపాటు నడిచే ఐలవ్వను ఇస్తారి ఆ రోజు అందరికంటే ముందు పెట్టాడు. తల నొస్తుందా అని అడిగితే లేదంది. నొసలు మాత్రం మాటిమాటికీ పిసుక్కుంటోంది. ఒక మలుపు తిరగగానే దూరంగా గుడి శిఖరం, దాని వెనక ఆకాశం నిండా తెల్లటి కొండ కనబడ్డాయి. అందరూ కేక వేశారు. ఐలవ్వ మాత్రం తలమీది కొంగు సర్దుకుంది. కొత్తగా చుట్టాలింటికి పోయేవాళ్లు గుమ్మం ముందు సర్దుకుంటారే, అలా.

గుడి దగ్గరికి చేరేసరికి వడగండ్లతో వాన పట్టుకుంది. వరుస చాలా పొడుగుంది. పొద్దున్నే దర్శనం చేసుకుందామని పండా, అంటే అక్కడి తీర్థపురోహితుడి ఇంట్లో దిగారు. ఐలవ్వ ఏమీ తినకుండా, ఒక్క గుక్క తాగకుండా గొంగడి కప్పుకొని ముడుచుకుంది.

తెల్లవారి అందరూ బయలుదేరుతుంటే ఆమె వాకిట్లో నిలబడి ఊగుతోంది. జుట్టు విడిపోయింది. కళ్లు ఎక్కడో ఉన్నాయి. నోట్లోంచి మాటలు ముద్దముద్దగా వస్తున్నాయి.

"స్వామి వచ్చిండు!" అంది రాధాబాయి, డాండీలోంచి దిగి.

ఇక చూడండి సంబరం. ఐలవ్వ శివసత్తి అని మందలో అందరికీ తెలుసు. ఇంటి దగ్గర వచ్చే దేవుడు తన సొంతింట్లో రాకుండా ఉంటాడా? అందరూ వంగి దండం పెట్టారు. అందరికంటే ముందు వంగింది ఇస్తారే. అతని కళ్లు తడిశాయి. గుర్తుపట్టాడు, మా అవ్వను గుర్తుపట్టాడు అనుకున్నాడు. గఢ్‌వాల్ మోతవాళ్లు కూడా టోపీలు తీసి చేతులు జోడించారు. వాళ్ల ఊళ్లలోనూ దేవతలు మనుషుల మీదికి వస్తారు.

రాధాబాయి ముందుకొచ్చి, "స్వామీ, మా ఇల్లు నిలబడ్తదా?" అని అడిగింది.

"దూడ తాడు తెంపుకున్నది. పట్టుండ్రి, పట్టుండ్రి," అంది ఐలవ్వ.

"దూడంటే మా మనుమడే," అని రాధాబాయి కళ్లొత్తుకుంది. "పట్నంల చదువుకుంట మాట వింటలేడు. స్వామికి అన్నీ ఎరుకనే."

సారయ్య దండం పెట్టి బాయిలో తన పని సంగతి అడిగాడు. "మంచం లోపలెయ్యి, వానొచ్చెటట్టున్నది," అంది ఐలవ్వ. బాయిలోకి నీళ్లొస్తాయేమోనని సారయ్య ముఖం పాలిపోయింది.

ఇస్తారి మాత్రం తల్లి కాళ్ల వైపు చూస్తున్నాడు. ఎడమ కాలు లేవటం లేదు. ఏ కాలూ సరిగా లేవటం లేదు. ఆమె ఊగటం లేదు, తూలుతోంది. వెంట తెచ్చుకున్న గజ్జెల కర్ర ఎప్పుడో చేతిలోంచి జారి నేల మీద పడి ఉంది. ఒక చేత్తో గోడ పట్టుకొని నిలబడింది. మల్లన్న ఏనాడూ గోడ పట్టుకోలేదు. ఇస్తారి మొలలోంచి భండారి తీసి ఆమె నొసట పెట్టాడు. దిగలేదు. పక్కకు వంగి పసరు కక్కుకుంది.

"ఎవరు స్వామీ నువ్వు?" అని అడిగాడు.

ఆమె అతని వైపు చూసింది. "మీ బాపు ఇంకా రాలేదారా?" అంది.

బాపు పోయి ఎన్నో ఏళ్లయింది.

సారయ్య దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "ఇస్తారన్నా, తప్పయితే మాఫ్ చెయ్యి. బాయిల గాలాడని కాడ మనిషి గిట్లనే తూలుతడు. లేని ముచ్చట్లు చెప్తడు. ఆడయితే ఎంబడే మీదికి గుంజుతం. ఈడ మీదికేడ గుంజుతం, నాకు సమజైతలేదు."

"కిందికి," అన్నాడు ఇస్తారి.

కిందికి అన్నాడే గాని, అడుగు వేయలేదు. తన కళ్లు తప్పు చూస్తున్నాయేమో. సొంతింట్లో దేవుడు వేరే తీరుగా వస్తాడేమో. గుడి కనబడుతూనే ఉంది, నాలుగంగల్లో వాకిలి. ఇంత దూరం నడిచి వచ్చిన మనిషిని దర్శనం లేకుండా దించేస్తే, నిజంగా స్వామే అయితే, ఆ పాపం ఏ నీళ్లతో పోతుంది? కాకపోతే, ఇంకొంచెంసేపు దండాలు పెడుతూ నిలబడితే, అవ్వ ఉంటుందా? రెండింట్లో ఏదో ఒకటి మోయాలి. అతడు అవ్వను మోయటానికి వంగాడు.

"ఏంజేస్తున్నవురా ఇస్తారీ?" రాధాబాయి గొంతు మంటలా లేచింది. "స్వామి మీదున్నప్పుడు మనిషిని గుంజుతరా? నీకేమన్న మతి పోయిందా?"

ఇస్తారి తల ఎత్తకుండానే గొంగడి పరుస్తూ జవాబిచ్చాడు. "స్వామి అయితే కిందికి సుత వస్తడు దొర్సానీ. గౌరీకుండం ఎంత దూరం? స్వామికి తొవ్వ తెల్వదా?"

వంగినవాళ్లు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు.

"వస్తడంటవా?" అంది రాధాబాయి, కొంచెం తగ్గి.

"గింత దూరం మా ఇంటికి ఇన్నేండ్ల సంది వస్తలేడా?"

ఆమె కాసేపు ఐలవ్వ ముఖంలోకి చూసింది. తర్వాత తన ఉన్ని శాలువా తీసి ఐలవ్వ భుజాల మీద కప్పింది. "నీ కన్నతల్లి. నీకెట్ల తోస్తే అట్ల కానియ్యి," అంది.

మోతవాళ్లు మాత్రం ముట్టలేదు. దేవత మీదున్న మనిషిని తమ వీపు బుట్టలో ఎత్తుకుంటే తమ వంశం నిలవదన్నారు. వాళ్లను తప్పుపట్టటానికేముంది, నిమిషం కింద దాకా ఇస్తారిదీ అదే నమ్మకం. కాళ్లు విరిగిన గొర్రెను ఎలా కట్టుకుంటాడో అలాగే గొంగడితో తల్లిని వీపుకు కట్టుకున్నాడు. మందను మిగిలినవాళ్లలో పెద్దవాళ్లకు అప్పగించాడు. సారయ్య ఇస్తారి కర్ర పట్టుకొని ముందు నడిచాడు.

ఎక్కటం ఊపిరి తీస్తుంది, దిగటం మోకాళ్లు తీస్తుంది. రాత్రి వడగండ్లకు రాళ్లన్నీ జారుడుగా ఉన్నాయి. ఎదురుగా వచ్చే కంచరగాడిదలకు దారిస్తూ, కొండ వైపు ఒరుగుతూ ఇస్తారి దిగుతున్నాడు. వీపు మీద అవ్వ ఎండుకట్టెలా తేలిక. ఆ తేలికే అతణ్ణి భయపెట్టింది. ఆమె మధ్యమధ్య దూడ సంగతి మాట్లాడుతోంది. మాట్లాడినంతసేపు నయంగా ఉండేది. ఆగితే అతడు కూడా ఆగి, ఊపిరి తగులుతుందా అని మెడ వెనక్కి వంచేవాడు.

రాంబాడ దగ్గరపడగానే, చట్టిలో వేడినీళ్లు పెట్టిస్తానని సారయ్య ముందు ఉరికాడు. ఇస్తారి ఒక బండకు ఒరిగి కూలబడ్డాడు. చుట్టూ ఎవరూ లేరు. మందాకిని హోరు తప్ప ఇంకేమీ వినబడటం లేదు. వీపు మీద అవ్వ మాట్లాడటం మానేసి చాలాసేపయింది. అప్పుడతనికి ఏడుపు ఆగలేదు. బాపు పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు.

"మల్లన్నా," అన్నాడు వెక్కుతూ. "నీవే అయితే నన్ను తిట్టు. అవ్వ నాలుక మీదికెక్కి తిట్టు. నీవు కాకుంటే మా అవ్వను నాకియ్యి."

ఎవరూ తిట్టలేదు. కాసేపటికి ముక్కు తుడుచుకొని లేచాడు. రాంబాడలో ఆమె రెండు గుక్కల వేడినీళ్లు మింగింది. గౌరీకుండం చేరేసరికి పొద్దు ఇంకా కొండల మీదే ఉంది. వేడినీళ్ల గుండం పక్క చట్టిలో పడుకోబెట్టి, బెల్లం నీళ్లు చుక్కచుక్కగా పోశారు. ఆమె మామూలు మనిషి నిద్రపోయినట్టు నిద్రపోయింది.

పొద్దున కళ్లు తెరిచి, "అంబలి ఉన్నదారా?" అంది. సారయ్య ఎగిరి గంతేశాడు. ఇస్తారి మాత్రం గోడకు చేరబడి, తర్వాత రాబోయే ప్రశ్న కోసం చూస్తున్నాడు.

"ఇది ఏ ఊరు?"

"గౌరీకుండం."

"మనం మీదికి పోలే?"

"పోయినం. దిగినం."

"దర్శనం?"

"కాలే."

ఐలవ్వ గిన్నె కింద పెట్టింది. నొసటి మీద ఎండిన భండారిని వేలితో తాకి చూసుకుంది. ఆ ముఖంలోకి వెలుగు వచ్చింది. "స్వామి నా మీదికి వచ్చిండా?" అంది.

ఒక్క మాట చాలు. వచ్చాడంటే ఆమె బతుకంతా సంతోషంగా ఉంటుంది. దారిలోనే దిగిపోయాడని చెప్పినా నమ్ముతుంది. సారయ్య కూడా చెప్పు చెప్పు అన్నట్టు కళ్లతో సైగ చేస్తున్నాడు. కానీ శిగంలో ఏం జరిగిందో ఆమెకు చెప్పే కళ్లు ఇస్తారివే. అవి అబద్ధం చెబితే ఆమెకు ఇంకే దారీ లేదు.

"రాలే అవ్వా. నీ పానం బాగలేకుండె."

"మరి ఏమన్న?"

"దూడను పట్టుమన్నవు. మంచం లోపలెయ్యమన్నవు. బాపు రాలేదా అన్నవు."

"ఆయన ఇంటి ముంగట నిలబడి గీ ముచ్చట్లు చెప్పిన్నా?" అని ఆమె కొంచెం నవ్వింది. నవ్వి, గోడ వైపు తిరిగి పడుకుంది. "అయితే గుర్తువట్టలే," అంది గోడతో.

మర్నాడు దిగివచ్చిన రాధాబాయికి ఎవరూ ఏమీ చెప్పలేదు. వచ్చింది స్వామి కాదని ఐలవ్వను చూస్తేనే తెలిసిపోయింది. ఆమె కేదారం విభూతి ఐలవ్వ నొసట తానే పెట్టింది. బదరీకి రానని ఐలవ్వ అంటే, తనకూ మోకాళ్లు పోయాయని వంక పెట్టి, గుప్తకాశీలో ఆమె పక్కనే ఉండిపోయింది. దొర్సాని, కురుమ ముసలమ్మ ఒకే ఎండలో కూర్చొని వత్తులు చేసుకున్నారట. మిగతా మందను ఇస్తారి బదరీ చూపించి తీసుకొచ్చాడు.

ఆ తర్వాత ఐలవ్వకు శిగం రాలేదు. ఏళ్లు గడిచినా రాలేదు. పట్నం వేస్తే డోలు మోత వినబడనంత దూరం పోయి, గొర్లదొడ్డి దగ్గర కూర్చునేది. కొడుకును ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని అతడు చాలాసార్లు అనుకున్నాడు. అనేవాళ్లు వేరే ఉన్నారు. కేదారంలో స్వామి వస్తుంటే మధ్యలో గుంజుకొచ్చాడని, అందుకే అలిగి వెళ్లిపోయాడని కులపోళ్లు చాటుగా అనేవాళ్లు. అది చెవిన పడినా ఇస్తారి యాత్రలు మానలేదు. కానూన్ ఒకటి పెరిగింది. కొండ మీద ఎవరి మీదికి ఏ దేవుడొచ్చినా మొదట కిందికి దించుతాడు. దండం పెట్టి మరీ దించుతాడు. అలా దించినవాళ్లలో ఇద్దరు ముగ్గురు అందుకే బతికామని ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ ఎంతమందిని దించినా, దొడ్డి దగ్గర కూర్చున్న అవ్వను చూస్తే మనసు చివుక్కుమనేది. ఆమె దేవుణ్ణి ఆమెకు కాకుండా చేశానా అని. రాంబాడలో తాను ఏడ్చిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. సారయ్యక్కూడా.

నిరుడు ఒక ఆదివారం ఇస్తారి ఇంటి ముందే పట్నం వేశారు. మధ్యాహ్నపు ఎండ. ఒగ్గువాళ్లు డోలు అందుకున్నారు. ఐలవ్వ ఎప్పటిలాగే దొడ్డికి పోయింది. వయసు మీదపడి నడుము వంగిపోయింది. కాసేపటికి గొర్లు ఒక్కసారిగా అరిచాయి. అందరూ తిరిగి చూశారు. ఆమె దొడ్డి తలుపు తోసుకొని వస్తోంది. జుట్టు విడిపోయి ఉంది. నడుము నిటారుగా ఉంది. ఎడమ కాలు ముందు.

ఒగ్గువాడి చేతులు ఆగబోయి మళ్లీ అందుకున్నాయి. ఆమె పట్నం చుట్టూ తిరిగింది. దారిలో ఉన్న గజ్జెల కర్ర అందుకుంది, అది ఈసారి జారలేదు. ఆడవాళ్లు ఏడుస్తూ దండాలు పెట్టారు. ఆమె ఎవరివైపూ చూడకుండా వచ్చి ఇస్తారి ముందు నిలబడింది.

"బాలకా," అంది. "రాంబాడ కాడ నన్ను తిట్టుమని ఏడ్చినవు."

ఇస్తారి ఆమె ముఖంలోకి తేరిపార చూశాడు.

"నేను తిట్టలే. నీ అవ్వను ఇయ్యుమన్నవు. ఇచ్చిన గద?"

అతడు అక్కడే మోకాళ్ల మీద పడిపోయాడు. భండారి ఒగ్గువాడే పెట్టాడు. ఆ రోజు వీపు మీద అవ్వ మేలుకొనే ఉందా, విని ఇన్నేళ్లూ దాచుకుందా, లేక నిజంగానే ఇంకెవరైనా విన్నారా? అడిగితే ఆమె ఏమని చెప్పేదో. ఇస్తారి అడగలేదు.

ఆమె చెంబెడు నీళ్లు తాగింది. అరుగు మీద కాళ్లు చాపుకొని కూర్చుంది. ముఖం మీది చెమట తుడుచుకొని, ఎప్పుడూ అడిగే మాటే అడిగింది.

"ఏమన్నడురా?"

"నన్ను తిట్టలేదన్నడు."

"గంతేనా?"

"నిన్ను నాకిచ్చినన్నడు. రాంబాడ కాడ."

ఐలవ్వ నొసటి భండారిని వేలితో తాకి చూసుకుంది. దొడ్లో గొర్లు సద్దుమణిగాయి.

"అయితే గుర్తువట్టిండు," అంది. "ఇస్తారిగా, కాళ్లు గుంజుతున్నయి. జర ఒత్తు."

అతడు అరుగు కింద కూర్చొని ఆమె కాళ్లు ఒత్తాడు.